ఫిట్‌నెస్ ట్రాకర్: అంకెలు, ఆధారాలు, వినియోగం

ఫిట్‌నెస్ ట్రాకర్లలో తరచుగా కనిపించే రోజుకు 10,000 అడుగుల లక్ష్యం వైద్యపరిశోధన నుండి పుట్టినది కాదు. 1965లో జపానులో విక్రయించిన అడుగుల లెక్కింపు పరికరం పేరు ‘మాంపోకే’. అంటే ‘పదివేల అడుగుల మాపకం’. ఆ పేరే క్రమంగా లక్ష్యమైంది. కనుక ట్రాకర్ చూపే ప్రతి అంకెకూ ఆధారమేమిటో గ్రహించాలి.

అడుగులను అది చేతి కదలికలను బట్టి లెక్కిస్తుంది. బండి తోస్తూ నడిచేవారి అడుగులు కొన్ని తప్పిపోతాయి. నాడిని చర్మంపై పడే ఆకుపచ్చ కాంతి ద్వారా గుర్తిస్తుంది. పట్టీ వదులైతే కొలత మారుతుంది. ఖర్చయిన కెలోరీలు అంచనా మాత్రమే.

కొనేటప్పుడు అవసరమే ప్రమాణం: నడకకు అడుగుల లెక్క చాలు, ఈతకు నీటిని తట్టుకునే పరికరం కావాలి. వాడకంలో ఒక్కరోజు అంకెకన్నా కొన్ని వారాల ధోరణిని గమనించడం మేలు. ఛాతీనొప్పి వస్తే మాత్రం, తెరపై నాడి సాధారణంగా కనిపించినా, వైద్యసహాయానికి ఆలస్యం చేయరాదు.