సాఫ్ట్‌వేర్ కొడితే ఫోన్ చచ్చిపోతుందా?

పదేళ్ల కిందట పది వేల లోపు ధరకి కొన్న మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా ఫోన్లు చాలా ఇళ్లలో ఇంకా సొరుగుల్లో పడి ఉన్నాయి. కొన్ని లోగో దగ్గరే ఆగిపోతాయి, కొన్ని ఆన్ అయినట్టే అయి మళ్లీ మొదటికొస్తాయి. షాపులో చూపిస్తే ఒకటే మాట: "సాఫ్ట్‌వేర్ కొట్టాలి." అంటే, కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌ని కంప్యూటర్ నుంచి ఫోన్ మెమరీలోకి మళ్లీ రాయాలి. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి మండల కేంద్రంలోని చిన్న కొట్టు దాకా రోజూ జరిగే పనే ఇది. ఇంట్లోనే చేసుకుందామనుకునేవాళ్లని భయపెట్టే అపోహలు కొన్ని, లేని ధైర్యం ఇచ్చేవి ఇంకొన్ని. నష్టం చేసేవి రెండో రకమే. ఆ ఫోన్లలో చాలావాటికి మీడియాటెక్ చిప్పే కాబట్టి ఉదాహరణలూ ఎక్కువగా వాటివే.

అపోహ: కొడుతుండగా కరెంటు పోతే ఫోన్ ఇక అంతే.

ఆన్ కాదు, చార్జింగ్ గుర్తు కూడా రాదు. "డెడ్" అని తేల్చేస్తారు. కానీ మీడియాటెక్ చిప్ లోపల బూట్ రోమ్ అనే చిన్న ప్రోగ్రామ్ తయారీలోనే శాశ్వతంగా ముద్రించి ఉంటుంది. ఏ ఫైలూ దాన్ని చెరపలేదు. దాని తర్వాత నడిచే ప్రీలోడర్ చెడిపోయినా, బూట్ రోమ్ మాత్రం కంప్యూటర్‌కి బదులిస్తుంది. కేబుల్ పెట్టగానే డివైస్ మేనేజర్‌లో ఒక పోర్టు కనిపించిందంటే, అది క్షణంలో మాయమైనా సరే, ఫోన్ బతికే ఉంది. సరైన ఫైల్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అపోహ: మోడల్ పేరు కలిస్తే ఫైల్ సరిపోయినట్టే.

రెడ్‌మీ నోట్ 4 సంగతే చూడండి. 2016లో చైనాలో మొదట వచ్చినదానిలో మీడియాటెక్ హీలియో ఎక్స్20 ఉంది. 2017 జనవరిలో అదే పేరుతో మన దేశంలో అమ్మినదానిలో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 625. డబ్బా మీద పేరు ఒకటే, లోపల ఇద్దరు వేరే మనుషులు. ఒకదాని ఫైల్ రెండోదానికి పనికిరాదు.

చవక ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. ఒకే మోడల్‌కి మధ్యలో డిస్‌ప్లే సరఫరాదారు మారిపోతుంటారు. ఆ డిస్‌ప్లే డ్రైవర్ లేని ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఫోన్ ఆన్ అవుతుంది, రింగు కూడా వినిపిస్తుంది, స్క్రీన్ మాత్రం తెల్లగా ఉండిపోతుంది. డిస్‌ప్లే పోయిందనుకుని కొత్తది వేయించేస్తారు! అందుకే ఫోన్ ఇంకా ఆన్ అవుతున్నప్పుడే సెట్టింగ్స్‌లోని బిల్డ్ నంబర్‌ని రాసి పెట్టుకుని, అదే ఉన్న ఫైల్‌ని వెతకాలి.

అపోహ: ఎర్రర్ వస్తే ఫోన్‌లోనే లోపం.

మీడియాటెక్ ఫోన్లకి సాఫ్ట్‌వేర్ కొట్టే ఎస్‌పీ ఫ్లాష్ టూల్ అసలు ఫోన్‌ని గుర్తించకపోతే ముందు కేబుల్ మార్చండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. తర్వాత డ్రైవర్. పాత మీడియాటెక్ డ్రైవర్లకి డిజిటల్ సంతకం లేకపోతే 64 బిట్ విండోస్ ఒప్పుకోదు, ఆ తనిఖీని తాత్కాలికంగా ఆపి ఇన్‌స్టాల్ చేయాలి.

4032 అనే ఎర్రర్ వచ్చిందంటే ఫోన్‌లోని ర్యామ్‌ని టూల్ మేల్కొలపలేకపోయింది. బ్యాటరీ నీరసంగా ఉన్నా రావచ్చు కానీ, తరచుగా కారణం ఆ బోర్డుది కాని ఫైల్ పెట్టడమే. ఇక్కడ మొండిగా పదేపదే నొక్కడం దండగ, ఫైల్ మార్చాలి.

4050 అంతకంటే ప్రమాదం. ఫైల్‌లోని పార్టిషన్ల (మెమరీ భాగాల) అమరిక, ఫోన్‌లోని అమరిక వేరని దాని అర్థం. అంతటితో ఆగదు, "ఫార్మాట్ ఆల్ ప్లస్ డౌన్‌లోడ్" ఎంచుకోమని టూలే సలహా ఇస్తుంది. టూల్ చెప్పింది కదా అని చాలామంది అదే నొక్కేస్తారు.

అపోహ: మొత్తం తుడిచి ఎక్కిస్తే ఫోన్ కొత్తదానిలా అవుతుంది.

పైకి అలాగే ఉంటుంది. ఫోన్ చక్కగా ఆన్ అవుతుంది. సిమ్ వేస్తే సిగ్నల్ ఉండదు. \*#06# నొక్కితే ఫోన్ గుర్తింపు సంఖ్య (ఐఎంఈఐ) రాదు. వైఫై జాబితాలో మీ ఇంటి నెట్‌వర్క్ పక్కనే "ఎన్‌వీర్యామ్ వార్నింగ్" అనే వింత పేరు కనిపిస్తుంది.

ఐఎంఈఐ, వైఫై చిరునామా, రేడియోకి ఫ్యాక్టరీలో చేసిన సర్దుబాట్లు అన్నీ ఎన్‌వీర్యామ్ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటాయి. ఇవి ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌కే ప్రత్యేకం. అందుకే ఏ ఫర్మ్‌వేర్ ఫైల్‌లోనూ దొరకవు. ఒకసారి తుడిచేస్తే తిరిగి రాయడానికి ఎక్కడా అసలు లేదన్నమాట. "పది నిమిషాల్లో ఐఎంఈఐ వేసేస్తాం" అనేవాళ్లుంటారు. తయారీదారు తప్ప మరెవరూ ఐఎంఈఐని మార్చకూడదని 2017 నిబంధనలు చెప్పాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కిందైతే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కాబట్టి ఏదీ ముట్టుకోకముందే ఫ్లాష్ టూల్‌లోని రీడ్‌బ్యాక్‌తో ఎన్‌వీర్యామ్‌ని కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోవాలి. అది ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు అన్నది ఫర్మ్‌వేర్‌తో వచ్చే స్కాటర్ ఫైల్‌లోనే రాసి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే చాలు. ఆ తర్వాత కూడా వాడాల్సింది "డౌన్‌లోడ్ ఓన్లీ" మాత్రమే.

అపోహ: కంపెనీ ఫర్మ్‌వేర్ అయితే శుభ్రంగా ఉంటుంది.

2016 నవంబర్‌లో క్రిప్టోవైర్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన విషయం ఉంది. అడప్స్ అనే అప్‌డేట్ సాఫ్ట్‌వేర్ కొన్ని చవక ఫోన్ల నుంచి మెసేజ్‌లు, కాల్ వివరాలు చైనాలోని సర్వర్లకి పంపుతూ వచ్చింది. అది కంపెనీ ఫర్మ్‌వేర్‌తోనే వచ్చింది. ఇలాంటి పాత ఫోన్‌ని పాటలకో, అలారానికో వాడుకోండి. యూపీఐకి వద్దు.

అపోహ: కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిస్తే వేగం పెరుగుతుంది.

1 జీబీ ర్యామ్ 1 జీబీగానే ఉంటుంది.

అపోహ: లోగో దగ్గర ఆగితే అది సాఫ్ట్‌వేర్ సమస్యే.

పవర్ బటన్ లోపలికి ఇరుక్కుపోయినా ఫోన్ పదేపదే మొదటికొస్తుంది. ఇంకో లక్షణం చూసినవాళ్లకే నమ్మశక్యం కాదు. సాఫ్ట్‌వేర్ కొట్టడం పూర్తయినట్టు పచ్చ గుర్తు వస్తుంది, ఆన్ చేస్తే పాత ఫొటోలు, పాత యాప్‌లు అన్నీ అలాగే ఉంటాయి. మెమరీ చిప్ అరిగిపోయి, చదవడమే తప్ప రాయడం మానేసిందని దాని అర్థం. ఇక ఏ ఫైల్ కొట్టినా ఇంతే. చిప్ మార్పించవచ్చు కానీ, ఆ ఖర్చుకి అలాంటి సెకండ్‌హ్యాండ్ ఫోనే వస్తుంది. ఆన్ అవుతున్నంతలో ఆ ఫొటోలు కాపీ చేసుకోండి.