బోఫిన్‌ను చంపకండి, అది స్నేక్‌హెడ్ కాదు

పొడుగాటి ఒళ్లు, గుండ్రటి తోక, వీపు పొడవునా ఒకే రెక్క ఉన్న చేప గాలానికి పడితే అది స్నేక్‌హెడ్డే, అక్కడికక్కడే చంపెయ్యాలి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో చేపలు పట్టేవాళ్ల మధ్య బాగా నాటుకుపోయిన మాట ఇది. దీనికి బలవుతున్నది బోఫిన్. గ్రేట్ లేక్స్ మొదలు లూసియానా చిత్తడినేలల దాకా ఆ నీళ్లు దాని సొంతం. దాని వంశం జురాసిక్ కాలం నాటిది. ఆ వంశంలో ఇప్పుడు మిగిలినవి రెండే జాతులు, రెండోదాన్ని శాస్త్రజ్ఞులు వేరుగా తేల్చింది 2022లో.

భయం ఊరికే పుట్టలేదు. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ దగ్గర ఒక చెరువులో ఆసియా నుంచి వచ్చిన స్నేక్‌హెడ్‌లు బయటపడితే చెరువుకు మందు పెట్టాల్సి వచ్చింది. 2019లో జార్జియాలోని గ్విన్నెట్ కౌంటీలో దొరికినప్పుడు, చంపి ఫ్రీజర్‌లో పెట్టండి, ఫొటో తీయండి, ఎక్కడ దొరికిందో మాకు చెప్పండి అన్నారు అధికారులు. ఇన్ని చెప్తే జనానికి గుర్తున్నది చంపమన్న ముక్క ఒక్కటే. స్నేక్‌హెడ్ మన కొరమీనుకు దాయాది కాబట్టి అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్లు బోఫిన్‌ని చూసి కొరమీను అనుకోవడం సహజమే. కానీ ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

తేడా తెలియాలంటే చేపను వెల్లకిలా తిప్పండి. తోకకు ముందు కింది అంచున ఉండే రెక్క బోఫిన్‌కు పొట్టిది, స్నేక్‌హెడ్‌కు బాగా పొడుగు. పొట్ట రెక్కల జత స్నేక్‌హెడ్‌కు మొప్పల దగ్గరగా ఉంటుంది, బోఫిన్‌కు బాగా వెనక్కి, పొట్ట నడిమిన ఉంటుంది. కింది దవడల మధ్య గట్టి ఎముక పలక తగిలితే ఇక సందేహమే లేదు, అది బోఫినే. మగచేపకు తోక మొదట్లో పసుపు అంచుతో నల్లటి చుక్క కూడా కనిపిస్తుంది. ఇదంతా చూడ్డానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కూడా ఆగకుండా రాయి ఎత్తడం అన్యాయం.

వసంతంలో ఈ అన్యాయం ఒక్క చేపతో పోదు. మగ బోఫిన్ నాచు, మొక్కలు కొరికి గూడు చేస్తుంది, గుడ్లకు కాపలా కాస్తుంది, పొదిగిన పిల్లల్ని గుంపుగా వెంటేసుకుని వారాల తరబడి తిప్పుతుంది. దాన్ని చంపితే ఆ పిల్లలన్నీ పెద్ద చేపల పాలే.

పేర్లు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచాయి. బోఫిన్‌నే డాగ్‌ఫిష్ అంటారు, అది సొరచేప కాదు. సైప్రెస్ ట్రౌట్ అంటారు, ట్రౌట్ కాదు. గ్రిన్నెల్, లాయర్ అన్నా ఇదే, లూసియానాలో షూపిక్ అన్నా ఇదే. ఫ్లోరిడాలో మడ్‌ఫిష్ అంటే బోఫిన్, ఫిలిప్పీన్స్‌లో అదే మాటకు కొరమీను అని అర్థం. పేరు విని తేల్చుకునే చేప కాదిది.

ఇక బోఫిన్ చెరువులో బాస్ చేపల్ని మిగల్చదన్నది అబద్ధం, అవి రెండూ యుగాలుగా కలిసే బతికాయి. బురదలో నెలల తరబడి పడుకుంటుందన్నదీ తప్పే, గాలితిత్తితో గాలి పీల్చగలదు గానీ నీళ్లు లేకుండా కొన్ని రోజులకు మించి బతకలేదు.

తినడానికి పనికిరాదన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఆలస్యం చేస్తే మాంసం దూదిలా అయిపోతుంది, కాటన్‌ఫిష్ అన్న పేరు అందుకే వచ్చింది. అయితే పట్టగానే నెత్తురు వార్చి ఐసులో పెట్టి, ఆ రోజే వండుకుంటే బాగానే ఉంటుంది. లూసియానాలో దీని గుడ్లను కేవియర్‌గా అమ్ముతారు కూడా. తినాలనుకుంటే ముందు మీ రాష్ట్రంలో ఎన్ని పట్టనిస్తారో చూసుకోండి. పిల్లలు వెంట ఉన్న మగచేప జోలికి మాత్రం పోకండి. తినే ఉద్దేశం లేకపోతే పళ్లు పదును కాబట్టి కొక్కేన్ని చేత్తో కాకుండా పట్టకారుతో తీసి, చేపను పట్టిన చోటే నీళ్లలో వదిలెయ్యండి. చూశాక కూడా అనుమానం తీరకపోతే పొట్ట వైపు ఫొటో తీసి రాష్ట్ర మత్స్యశాఖకు పంపి అడగండి.