పాట రూపము మార్చినచో పోవునదేమి?

ప్రయోగశాలలో కొలతలు తీసిన విద్యార్థి లెక్క మధ్యలోనే అంకెలను సవరించినచో ఉపాధ్యాయుడు ఊరకొనడు. 1.46 అను సంఖ్యను ఒకేసారి పూర్ణాంకమునకు సవరించిన 1 వచ్చును. అట్లు గాక, ముందు ఒక దశాంశ స్థానమునకు సవరించి 1.5 అని వ్రాసి, దానిని మరల పూర్ణాంకమునకు సవరించిన 2 వచ్చును. విడివిడిగా చూచినచో రెండు మెట్లును నియమబద్ధములే. ఫలితము మాత్రము తప్పు. కంప్యూటరులో దాచుకొన్న పాటలను ఒక రూపము నుండి మరియొక రూపమునకు మార్చునపుడు జరుగునదియు ఇట్టిదే. ఎంపీ3 రూపములో నున్న పాటలను క్రొత్త పరికరమునకు అనువుగా ఏఏసీ రూపములోనికి మార్చి, చోటు చాలదని పాతవానిని తుడిచివేయువారు కలరు. పాట మునుపటివలెనే వినబడుచున్నది గదా యని వారి ధైర్యము.

గాలిలోని ధ్వని తరంగము తెంపు లేనిది. దానిని కంప్యూటరులో దాచుటకు తరంగపు ఎత్తును మిక్కిలి స్వల్ప వ్యవధులలో కొలిచి అంకెలుగా వ్రాయుదురు. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. ఒక కంపనమును పట్టుటకు కనీసము రెండు కొలతలు కావలెను. కావుననే 1982లో విక్రయమునకు వచ్చిన సీడీలో సెకనుకు 44,100 కొలతలు ఏర్పరచిరి. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. కుడి ఎడమలకు రెండు వరుసలు. ఈ మూడింటిని గుణించిన సెకనుకు 14,11,200 బిట్లగును. ఐదు నిమిషముల పాటకు 5 కోట్ల 29 లక్షల బైట్లు కావలెను.

ఈ భారమును తగ్గించు మార్గములు రెండు. మొదటిది నష్టము లేనిది. ధ్వని తరంగములో ఒక కొలతకును దాని ప్రక్క కొలతకును దగ్గరి సంబంధ ముండును. 1000, 1010, 1021, 1031 అను అంకెలను పూర్తిగా వ్రాయుటకు బదులు 1000 అని వ్రాసి, తరువాత 10, 11, 10 అని తేడాలను మాత్రము వ్రాసినను చాలును. కూడికతో మొదటి వరుస యథాతథముగా తిరిగి వచ్చును. 2001లో మొదటి పూర్తి ప్రతి వెలువడిన ఫ్లాక్ రూపము ఈ సూత్రమునే మరింత నేర్పుతో వాడును. గడచిన కొలతలను బట్టి రాబోవు కొలతను ఊహించి, ఊహకును నిజమునకును గల తేడాను దాచును. ఫైలు సామాన్యముగా మొదటి పరిమాణములో సగమునకు కొంచెము పైగా ఉండును. ఒక్క బిట్టును పోదు.

రెండవ మార్గము నష్టముతో కూడినది. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరములో ప్రొఫెసర్ డీటర్ సైట్సర్ టెలిఫోను తీగపై మంచి సంగీతమును పంపవలెనని తలపెట్టెను. ఆయన శిష్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ 1980ల దశకములో ఈ పరిశోధన సాగించెను. తుదకు ఎందరో శాస్త్రజ్ఞుల కృషితో ఏర్పడిన ప్రమాణము 1993లో ప్రకటింపబడినది. దానిలోని మూడవ అంతరువునకే 1995లో ఎంపీ3 అని పేరు పెట్టిరి.

పెండ్లిలో డోలు మ్రోగుచుండగా ప్రక్కవాని మాట వినబడదు. ఒక బలమైన స్వరము తనకు దగ్గర పౌనఃపున్యము గల బలహీన స్వరములను మరుగుపరచును. ఎంపీ3 దీనిని ఆధారము చేసికొన్నది. వినబడని ధ్వనులను తీసివేయునని సాధారణముగా చెప్పుదురు గాని, అది సగము మాటయే. నిజమునకు జరుగునది కొలబద్ద మార్చుట. ధ్వనిని పౌనఃపున్యములను బట్టి అనేక భాగములుగా విడదీసి, మరుగు ఎక్కువగా నున్న చోట పెద్ద గీతల కొలబద్దతో ముతకగాను, లేనిచోట సన్నగాను కొలుచును. ముతక కొలతలో వచ్చిన దోషము ఒక రొదగా మిగులును. ఆ రొద సంగీతపు చాటున దాగియుండును. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3లో ఐదు నిమిషముల పాట 48 లక్షల బైట్లకు, అనగా సుమారు పదకొండవ వంతునకు, దిగును.

దాగుటకు చాటు లేనిచో ఏమగును? అమెరికా గాయని సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ అను పాటలో వాద్యములు లేవు; ఒంటి కంఠము మాత్రమే. తొలిదశలో దీనిని కుదించి చూడగా గొంతు పాడైనట్లు వినబడెను. బ్రాండెన్‌బుర్గ్ ఆ పాటను మరల మరల వినుచు తన పద్ధతిని సవరించుకొనెను. పెద్ద వాద్యబృందము కంటె ఒక్క గొంతు కష్టమైన పరీక్ష యగుట వింతయే.

ఇప్పుడు ఎంపీ3 పాటను ఏఏసీకి మార్చుట చూతము. మార్చు ప్రోగ్రాము ముందు ఎంపీ3ని విప్పి కొలతల వరుసగా చేయును. అవి సీడీలోని కొలతలు కావు. దోషము కలిసిన కొలతలు. రెండవ యంత్రాంగమునకు ఏది సంగీతమో ఏది మొదటిదాని రొదయో తెలియదు. ఆ రొదను కూడ సంగీతముగనే ఎంచి దానిపై బిట్లు ఖర్చు చేయును. పైగా తన రొదను చేర్చును. ఎంపీ3 1152 కొలతలను ఒక ఖండముగా తీసికొనగా, ఏఏసీ 1024 కొలతలను తీసికొనును. ఖండముల అంచులు కలియవు గనుక మొదటి సవరింపులు రెండవవానికి ఒదుగవు. ఈ హాని మృదంగపు దెబ్బలోను, తాళముల మ్రోతలోను ముందుగా బయటపడును. ఖండములో నొకచోట పడిన దెబ్బ యొక్క దోషము ఖండమంతయు వ్యాపించుటచే, దెబ్బకు ముందే సన్నని చప్పుడు వినబడును. మంచి బిట్ల వేగమున ఒక్కసారి మార్చినచో పెక్కుమంది చెవులు తేడా పట్టలేవను మాట నిజమే. అయితే పాటల సేకరణ ఇరువది యేండ్లలో ఒక్కసారియే రూపము మారునని ఎవరు చెప్పగలరు?

మరియొక భ్రమ కలదు. 128 కిలోబిట్ల పాటను 320 కిలోబిట్లకు మార్చిన ఫైలు రెండున్నర రెట్లగును. ఫ్లాక్‌నకు మార్చిన ఇంకను పెరుగును. పోయినది మాత్రము రాదు. మసకబారిన ఛాయాచిత్రమును పెద్ద కాగితముపై ముద్రించినంతనే ముఖము స్పష్టపడునా? పైగా పరిమాణమును చూచి ఇదియే అసలు ప్రతి యని ఇతరులు మోసపోవుదురు.

దీనిని తరగతిలో చూపవచ్చును. ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాములో నష్టము లేని ఒక పాటను, దాని ఎంపీ3 ప్రతిని తెరచి, ఒక తరంగమును తలక్రిందులు చేసి రెండవదానితో కలుపవలెను. ఎంపీ3 ఆరంభమున కొంత నిశ్శబ్దము చేరును గనుక రెండింటిని ముందుగా సరిచేయవలెను. మిగిలి వినబడునదే పోయిన భాగము. ఫ్లాక్ ప్రతితో ఇదే చేసిన ఏమియు వినబడదు.

కావున సీడీలున్నవారు ఒక ఫ్లాక్ ప్రతిని భద్రపరచి, ఫోనునకు కావలసిన ఎంపీ3ను గాని ఏఏసీని గాని ప్రతిసారి దానినుండియే తీసికొనవలెను. ఫ్లాక్ నుండి అలాక్‌కు, అలాక్ నుండి వేవ్‌నకు ఎన్నిసార్లు మార్చినను భయము లేదు. ఒక పాటకు మూడు కోట్ల బైట్లు పట్టునను కొన్నను, లక్ష కోట్ల బైట్ల డిస్కులో ముప్పది వేలకు పైగా పాటలు ఇముడును.

ఇంటిలోని వృద్ధురాలు పాడిన పాటను ఫోనులో పట్టినపుడు సమస్య వేరు. అది పెక్కు ఫోనులలో పుట్టుకతోనే ఏఏసీ వంటి కుదించిన రూపములో నుండును. ఎంత లోపమున్నను ఆ ఫైలే మూలప్రతి. దానిని ఎంపీ3గా మార్చి మూలమును తుడిచివేయరాదు. తరువాత తిరిగి పాడించుటకు ఆమె ఉండకపోవచ్చును. బంధువులకు పంపునపుడు ఒక ఫోనులో మ్రోగించి మరియొక దానిలో స్వర సందేశముగా పట్టి పంపిన అది మరల కుదించబడును. ఫైలును పత్రము వలె జతచేసి పంపిన మార్పు లేక చేరును.

తీగలేని బ్లూటూత్ శ్రవణ పరికరములలోను సామాన్యముగా పాట విప్పబడి, అప్పటికప్పుడు మరల కుదించబడి చెవికి చేరును. అది వినునప్పటి నష్టమే. డిస్కులోని ఫైలునకు అంటదు.