కుందేలు - ఒక పేరు, రెండు ప్రాణులు

"నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అని మొండివానిని గూర్చి మన పెద్దలు చెప్పిన సామెత అందరికిని తెలిసినదే. కుందేలు విషయములో మనమందరము కొంతవరకు అట్టి మొండివారమే. దానికి నాలుగు కాళ్ళున్నవని ఒప్పుకొందుము గాని, ఆ పేరుతో పిలువబడునవి రెండు వేర్వేరు ప్రాణులని మాత్రము గ్రహింపము.

కొన్నాళ్ళ క్రిందట గుడిమల్కాపూర్‌లో నివసించు మా విద్యార్థి యొకడు, తాను పెంచిన తెల్లకుందేలును చిలుకూరు అడవిలో విడిచి వచ్చెదనని నాతో చెప్పినాడు. బోనులోని ప్రాణికి స్వేచ్ఛ కలిగించుట మంచిపని యని అతని తలంపు. ఆ తలంపు ఉదాత్తమైనదే. కాని దాని వెనుక ఒక మాట చేసిన మోసమున్నది. నేను జంతుశాస్త్రము చదివినవాడను గాను, భాషాధ్యాపకుడను. మాట మోసగించిన చోట దానిని విప్పి చెప్పుట నా విధి యని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

తెలుగులో కుందేలు, కొన్ని ప్రాంతములలో చెవులపిల్లి, సంస్కృతములో శశము, ఉర్దూలో ఖర్గోష్. ఈ చివరిది పారసీక పదము. 'ఖర్' అనగా గాడిద, 'గోష్' అనగా చెవి. గాడిద చెవులు కలదని అర్థము. పంచతంత్రములో సింహమును బావిలో దూకించిన శశమే 'కలీలా వ దిమ్నా' అను అరబ్బీ గ్రంథమునందును కానవచ్చును. పేర్లు ఇన్ని యున్నను, అడవిలో పరుగెత్తుదానిని, ఇంట పెరుగుదానిని మనము ఒకే పేరుతో పిలుచుచున్నాము. ఆంగ్లేయులు మొదటిదానిని హేర్ అనియు, రెండవదానిని రాబిట్ అనియు వేరుగా వ్యవహరింతురు.

మన పొలముల గట్లపైనను, పొదలలోను కనిపించునది భారతీయ కుందేలు. దాని మెడ వెనుక నల్లని మచ్చ యుండును. అది బొరియ త్రవ్వదు. గడ్డిలో చిన్న పల్లము చేసికొని పగలంతయు కదలక పండుకొనును. రాత్రివేళ మేతకు బయలుదేరును. దాని పిల్లలు ఒంటినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతోనే పుట్టును. తల్లి వానిని విడిచి దూరముగా నుండి, పాలిచ్చుటకు మాత్రమే వచ్చి పోవుచుండును. శత్రువులు వాసన పట్టకుండుటకు ప్రకృతి నేర్పిన ఉపాయమిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ కుందేలును వేటాడుట, పట్టి పెంచుట నేరము.

ఇంట పెంచు తెల్లకుందేలు మన దేశపుది కాదు. దాని పూర్వుల జన్మస్థానము స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతము. అడవిలో నది బొరియలు త్రవ్వి గుంపుగా జీవించును. పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని పుట్టును. తల్లి తన బొచ్చునే పీకి వానికి పడక పరచును. దాని గర్భకాలము సుమారు 31 దినములు. అడవి కుందేటిది అంతకంటె ఎక్కువ. అడవి కుందేటి కణములలో 48 క్రోమోసోములుండగా దీనికి 44 మాత్రమే. కావున ఈ రెండింటికిని సంకరసంతానము కలుగదు.

ఈ భేదము తెలియకపోవుటచే రెండు ప్రాణులకును హాని కలుగుచున్నది. పొలములో ఒంటరిగా కనిపించిన కుందేటిపిల్లను తల్లి లేనిదని జాలిపడి కొందరు ఇంటికి తెత్తురు. నిజమునకు తల్లి నుండి దానిని వేరు చేసినవారు వారే. మరికొందరు మా విద్యార్థివలె తెల్లకుందేలును అడవికి పంపదలతురు. కుక్కలు, ముంగిసలు తిరుగు చోట, దాగ నేర్వని ఆ తెల్లని జీవి ఎన్ని దినములు బ్రతుకును? ఒకవేళ బ్రతికి వృద్ధి చెందినచో అది మరియొక అనర్థము. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వేటకై విడిచిన ఇరువది నాలుగు కుందేళ్ళ సంతతి కొన్ని దశాబ్దములలో ఆ ఖండమంతట వ్యాపించి, పైరులను, పచ్చికబయళ్ళను పాడుచేసినది.

కాబట్టి పెంచదలచినవాడు ముందే ఆలోచింపవలెను. చక్కగా చూచికొన్న కుందేలు ఎనిమిది, పది సంవత్సరములు బ్రతుకును. గుడిమల్కాపూర్ కూరగాయల మార్కెట్టులో మిగిలిన క్యాబేజీ, కాలిఫ్లవర్ ఆకులు ఉచితముగా దొరకునని వానినే మేపుట తగదు. అవి ఎక్కువైనచో కడుపుబ్బును. కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. అవి అరుగుటకును, ప్రేగులు కదలుటకును గడ్డియే ప్రధానాహారము కావలెను. కొత్తిమీర వంటి ఆకుకూరలు కొద్దిగా పెట్టవచ్చును. బిస్కట్లు, అన్నము, ఉల్లిపాయలు పెట్టరాదు. ఒక పూటంతయు మేత ముట్టనిచో వెంటనే పశువైద్యుని చూపవలెను. మనుష్యుల మందులు వేయరాదు. పెన్సిలిన్ జాతి మందులు నోట వేసినచో దాని ప్రాణమే పోవచ్చును.

దానికి గల మరియొక శత్రువు మన వేసవి. కుందేటికి మనవలె చెమట పట్టదు. ఒంటివేడి ముఖ్యముగా చెవుల ద్వారా బయటికి పోవును. రేకుల కప్పు క్రింద బోను పెట్టినచో మే నెలలో అది బ్రతుకుట కష్టము. ఆ చెవులను పట్టి ఎత్తుటయు క్రూరత్వమే. ఒక చేయి రొమ్ము క్రింద, ఒక చేయి వెనుక కాళ్ళ క్రింద నుంచి ఎత్తవలెను.

ఈ సంగతులన్నియు విన్న పిమ్మట మా విద్యార్థి చిలుకూరు ప్రయాణము మానుకొన్నాడు. అతని కుందేలు ఇప్పుడు ఇంటి నీడలో, చల్లని షాబాదు బండలపైన, బోను లేకయే తిరుగుచున్నది. అడవిదానిని అడవిలో నుండనిచ్చుట, ఇంటిదానిని ఇంట కాపాడుట - ఇదియే ఆ రెండు ప్రాణులకు మనము చేయగల మేలు.