ఇంకెన్నాళ్లు చదువుతావమ్మా?

రోగికి పరిచర్య చేయడం గొప్ప సేవ అని మనమంతా ఒప్పుకుంటాం. మన ఇంటి ఆడపిల్ల నర్సు అవుతానంటే మాత్రం కొంచెం తటపటాయిస్తాం. సరే, నర్సయింది, ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత ఇంకా చదువుతానంటే "ఇంకెన్నాళ్లు?" అని అడుగుతాం. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాని అడిగి ఊరుకోకుండా లెక్క కట్టి చూడాలి.

బోయినపల్లి సంగతే తీసుకుందాం. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఈ మండలంలో కొన్ని ఊళ్లు మిడ్ మానేరు జలాశయం కింద మునిగిపోయాయి. చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. ఇటువంటిచోట ఇంటర్ పాసైన అమ్మాయికి నర్సింగు ఒక మంచి ఆధారం. జి.ఎన్.ఎం. కోర్సు మూడేళ్లు. 18 ఏట చేరితే 21కి చేతికొస్తుంది. కరీంనగర్‌లోనో సిరిసిల్లలోనో ఆసుపత్రిలో చేరుతుంది. రెండేళ్లు తిరిగేసరికి ఆమెకు ఒక విషయం అర్థమవుతుంది. రాత్రి రెండు గంటలప్పుడు రోగి ఊపిరి మారితే ముందు కనిపెట్టేది తానే. కాని డాక్టరు వచ్చేదాకా తన చేతిలో ఉన్నది తక్కువ.

ఆ తక్కువను పెంచేదే నర్స్ ప్రాక్టీషనర్ చదువు. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. అక్కడ ఉద్యోగం మానకుండా కొద్దికొద్దిగా చదివి పూర్తిచేసే నర్సులు చాలామంది. మన దేశంలో పద్ధతి వేరు. అత్యవసర రోగుల సంరక్షణలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ పి.జి. రెండేళ్ల రెసిడెన్సీ. అందులో పుస్తకం పాలు ఐదో వంతు, మిగతా నాలుగు వంతులూ రోగి మంచం దగ్గరే. కనుక ఒకచోట పూర్తి ఉద్యోగం చేస్తూ మరోచోట దీన్ని చదవడం జరిగే పని కాదు. పైగా బి.ఎస్సీ. నర్సింగు, కనీసం ఏడాది అనుభవం ఉండాలి. జి.ఎన్.ఎం. చేసిన అమ్మాయి పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.కి మరో రెండేళ్లు కూర్చోవాలి. ఎక్కడా ఆగకుండా నడిచినా 26 ఏళ్లు వస్తాయి. మన ఇళ్లలో పెళ్లి మాట ఎప్పుడు మొదలవుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు!

అలాగని దారి మూసుకుపోలేదు. ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే ఇగ్నో విశ్వవిద్యాలయం పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.ని దూరవిద్యలో ప్రవేశపెట్టింది. వ్యవధి మూడేళ్లు, ఒక ఏడు ఎక్కువే. అయితే జీతం ఆగదు, ఇల్లు సాగుతుంది.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన కరీంనగర్‌లోనే ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాదుకు చెందిన ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ కలిసి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. మొదటి జట్టులో 30 మంది. తరువాత 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు వెలువరించింది. వారికి పెట్టిన పేరు 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ'. దీని అవసరమేమిటో అంకెలే చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే, తెలంగాణలో 60.7. కరీంనగర్ జిల్లాలో 80 కూడా దాటింది. కడుపు కోయనవసరం లేని తల్లిని ఓపికగా కనిపెట్టుకుని కూర్చునే మనిషి లేకపోవడం దీనికి ఒక కారణం. పరదా పాటించే మన ఆడవాళ్లకు ఆ మనిషి ఆడమనిషే కావడం ఎంత ఊరటో వారినే అడగండి.

కాన్పుల వార్డులో అనుభవమున్న నర్సుకు ఈ 18 నెలలు కొత్త లోకమేమీ కాదు. నిన్న పనిచేసిన వార్డే నేడు తరగతి గది. అసలు మన చరిత్రలో మొదటి నర్సుగా చెప్పుకునే హజ్రత్ రుఫైదా సంగతీ ఇటువంటిదే. మదీనాలో మస్జిద్ దగ్గర ఆమె గుడారం ఉండేది. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్‌ను ఆ గుడారానికే చేర్చారు. తోటి స్త్రీలకు ఆమె పని నేర్పింది కూడా క్షతగాత్రుల నడుమనే అని చెబుతారు.

ఇక ఇంటి సంగతి. నైటు డ్యూటీ దిగి పొద్దున తొమ్మిదింటికి వచ్చిన అమ్మాయి పడుకుంటే, "పట్టపగలు నిద్రేమిటి" అనే అత్తమ్మలు ఇంకా ఉన్నారు. ఆ నిద్ర ఆమెకు రాత్రి బాకీ. అది తీరకుండా పుస్తకం పట్టుకుంటే అక్షరాలు కనబడతాయి గాని తలకెక్కవు, మరునాడు మందు మోతాదు పొరబడే ప్రమాదం కూడా ఉంది. చదువుతూ ఉద్యోగం చేసే నర్సుకు ఇల్లు చేయగల పెద్ద సాయం ఫీజు ఒక్కటే కాదు. ఆ నాలుగైదు గంటలు తలుపు దగ్గరగా వేసి, వంట మరొకరు అందుకోవడం. ఆ మరొకరు అన్నదమ్ములైనా, భర్త అయినా ఫరవాలేదని మా అభిప్రాయం.

ఆసుపత్రుల బాధ్యతా తక్కువేమీ కాదు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు చేరేటప్పుడే అసలు సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటాయి. పై చదువుకు దరఖాస్తు చేసే రోజున అమ్మాయి వాటికోసం చుట్టూ తిరగాలి. నకళ్లు ఇచ్చి అసలువి ఇంట్లో ఉంచుకోవాలని తల్లిదండ్రులు మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

డ్యూటీ చార్టు విషయంలో మాత్రం నర్సులు తమలో తామే దారి వెతుక్కుంటారు. బతుకమ్మ నాడు తోటి అమ్మాయి డ్యూటీ మన అమ్మాయి చేస్తుంది, ఈద్ నాడు ఆమె వచ్చి నిలబడుతుంది. సహరీ వేళ వార్డులో ఒకరు టిఫిను విప్పితే మరొకరు సెలైన్ సీసాలు చూసుకుంటారు. పరీక్షల వారంలో కూడా ఈ బదులే అక్కరకొస్తుంది. హెడ్ నర్సు కాస్త ముందుగా చార్టులో రాసిపెడితే చాలు.