కొంగున మూటగట్టిన గింజలు

దానమనగానే మనకు తొలుత జ్ఞప్తికి వచ్చునవి అన్నమును, వస్త్రమును. అందులకు గాదెలో ధాన్యమును, పెట్టెలో నాలుగు చీరలును ఉండవలెను గదా! అవి లేని యిల్లాలేమి పెట్టగలదు? ఖమ్మము చెంతనున్న రెడ్డిపల్లి దంపతులొకరు ఈ ప్రశ్నకు తమ బ్రదుకుతోనే బదులు చెప్పిరి.

దరిపల్లి రామయ్యగారిని జనులు వనజీవి రామయ్యగారని పిలిచెడివారు. వేసవిలో గింజలేరుట, తొలకరి పడగానే బాటల ప్రక్కలను, కాలువగట్లను నాటుట, ఇదియే ఆయన వ్రతము. చెట్టును మనము కాచిన అది మనలను కాచునని తెలుపు పలకను తలకు దాల్చి, సైకిలుపై ఊరూర తిరిగెడివారు. పెండ్లిండ్లకు పోయినను మొక్కయే ఆయన కట్నము. 2017లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగెను. 2025 ఏప్రిల్ 12వ తేదీన వారు పరమపదించిరి. కోటికి పైగా మొక్కలు నాటిరని ప్రతీతి. ఎవరు లెక్కించిరని అడుగువారుందురు. రోహిణి యెండలో ఆ నీడను నిలిచిన బాటసారి మాత్రము లెక్క యడుగడు.

ఈ బుద్ధి ఆయనకు పుట్టినది పెరటిలోనే. తల్లి మరుసటి యేటికని కూరగాయల విత్తనములు దాచుచుండగా బాల్యమున చూచెనట. ఇక భార్య జానమ్మగారి మాట. బిరుదు భర్తకు వచ్చినది. మొక్కల పనిలో ఆమెయు తోడుగా నుండెను. "ఊరి బాటకు నీరు పోసితిరి, మన యింటికేమి మిగిలినది?" అని యామె గుమ్మమున కడ్డము నిలిచియుండినచో ఆ వ్రతమెన్నాళ్లు సాగెడిదో ఆలోచింపుడు. పత్రికలు ఆమెను గూర్చి ఇంకను వ్రాసియుండవలసినదని నా యభిప్రాయము.

ఖమ్మమునుండి కొత్తగూడెము మీదుగా పోయినచో అడవి చిక్కనై, గోదావరి యొడ్డున భద్రాచలము కానవచ్చును. అచ్చటి స్థలపురాణమున పోకల దమ్మక్క యను అడవిబిడ్డ శ్రీరామునకు తొలుత నివేదించినది తాటిపండు. ఆమె చేతికందినది అదియే. ఆ స్వామి కల్యాణము చూడ చైత్రమున యాత్రికులు వచ్చెడి కాలము ఎండకాలమే. త్రోవలో చెట్టున్న చోటనే వారు మూట దించుదురు.

మన వంటయింట దినమును పారవేయు గింజలెన్ని! చింతగింజ ఎండబెట్టిన నెలల తరబడి నిలుచును. నాటుటకు ముందు ఒక రాత్రి నీట నాననిచ్చిన త్వరగా మొలచును. సీతాఫలపు గింజయు నిలువ యుండును. వేపగింజ యట్లు కాదు. పండు రాలిన రెండు మూడు వారములలోనే నాటవలెను. మామిడిటెంక, పనసగింజ, నేరేడుగింజయు ఆలస్యమున కోర్వవు. వేపపండ్లు రాలుటయు, వాన పడుటయు ఇంచుమించు ఒక్క కాలముననే యగుట మన భాగ్యము. నాటినంతనే పని తీరదు. మొదటి రెండు వేసవులు మేకల నోటినుండి కాచుటకు ముండ్లకంప కట్టవలెను, కడవెడు నీరు పోయవలెను. బియ్యము కడిగిన నీరైనను చాలును.