రంగులును వాని పొరుగును

నలుపు ఎక్కడ నున్నను నలుపే యని మనమందఱము నమ్ముచుందుము. ఈ నమ్మకమువలననే ఫ్రాన్సు దేశమున, పారిసు నగరమందలి గోబెలిన్ చిత్రకంబళముల కర్మశాలలో, అద్దకపువారికి అపనింద కలిగెను. నీలి, ఊదా వస్త్రముల మడతల నీడలకై వాడిన నల్లని ఉన్నినూలు వెలవెలబోవుచున్నదని ఫిర్యాదు. 1824లో అచట అద్దకముల శాఖకు అధ్యక్షుడైన రసాయనశాస్త్రవేత్త షెవ్రెల్ ఆ నూలును ఇతర కర్మశాలల నూలుతో పోల్చి చూచెను. అద్దకమున లోపమేమియు లేదు! దోషమంతయు పొరుగురంగులది.

కన్ను ఏ రంగును ఒంటిగా చూడదు. ప్రక్కనున్న రంగుతో పోల్చి, దాని ఎదురురంగు ఛాయను దీనికి పూయును. నీలమునకు ఎదురు నారింజ. ఆ ఛాయ సోకి నలుపు పలుచబడెను. ఈ సంగతులనే షెవ్రెల్ 1839లో గొప్ప గ్రంథముగా వెలువరించెను.

రంగులు మనస్సును కదల్చుననుటయు నిజమే గాని, అందును పొరుగుబలము మెండు. పెండ్లిపీటలపై ఎఱ్ఱంచు మధుపర్కముల తెలుపు మంగళకరము. అదే తెలుపు వేఱొక యింట శోకచిహ్నము.

విద్యార్థులారా, బూడిదరంగు కాగితమును రెండు తునకలు చేసి, ఒకదానిని ఎఱ్ఱగుడ్డపైనను, రెండవదానిని ఆకుపచ్చగుడ్డపైనను ఉంచి చూడుడు. మొదటిది ఒకింత ఆకుపచ్చ ఛాయతోను, రెండవది ఒకింత ఎఱ్ఱని ఛాయతోను తోచును. రెండును ఒకే కాగితమని మీకు తెలిసినను కన్ను ఒప్పుకొనదు.